హార్డ్ డిస్క్ కనబడటం లేదంటే, ఎవరికి కనబడటం లేదు?

తమ్ముడూ, నువ్వు చెప్పిన సంగతి నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దు.

చిత్తూరులో మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ల నాటి అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 240 జీబీ సాటా (కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలిపే రకం) ఎస్ఎస్‌డీలో ఉంది. మీ అక్క పెళ్లి ఫోటోలు, వీడియో, నాన్నగారి మామిడి మండీ లెక్కలు 1 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. స్థలం చాలక 500 జీబీ ఎం.2 ఎస్ఎస్‌డీ (కేబుల్ లేకుండా నేరుగా మదర్‌బోర్డు మీదే బిగించే చిన్న పలక) ఒకటి కొని, వీడియో చూసుకుంటూ నువ్వే బిగించావు. సిస్టమ్ ఆన్ అయింది, విండోస్ మామూలుగా వచ్చింది. కానీ కొత్త డ్రైవ్ కనబడలేదు, దానితోపాటు పాత హార్డ్ డిస్క్ కూడా మాయమైంది. షాపుకు తీసుకెళితే పక్క డోరు కూడా తీయకుండానే ‘హార్డ్ డిస్క్ పోయింది, డేటా రాదు, కొత్తది వేసుకో’ అన్నారు. రెండు రోజులుగా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

నా అంచనా ముందే చెప్పేస్తాను, కాస్త ఊపిరి పీల్చుకో. నీ హార్డ్ డిస్క్ బాగానే ఉండి ఉంటుంది. అప్పటిదాకా పనిచేసిన డిస్క్, నువ్వు క్యాబినెట్‌లో చేయి పెట్టిన గంటలోనే కనబడకుండా పోయిందంటే, ముందుగా అనుమానించాల్సింది డిస్క్‌ను కాదు, ఆ గంటలో మారినవాటిని. ఏదో ఒక కేబుల్ కదిలి ఉండాలి, లేదా కొత్త ఎం.2 వచ్చి పాత పోర్టును మూసేసి ఉండాలి. ఈ రెండోది చాలామందికి తెలియదు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర సిస్టమ్స్ అసెంబుల్ చేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. వెడల్పాటి 40 పిన్నుల ఐడీఈ కేబుళ్లు, డిస్క్ వెనక మాస్టర్, స్లేవ్ జంపర్లు ఉన్న కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను. ‘డ్రైవ్ కనబడటం లేదు’ అని నా దగ్గరికి వచ్చిన వాటిలో నిజంగా డిస్క్ చచ్చిపోయినవి ఉన్నాయి, నేను కాదనను. కానీ అంతకంటే ఎక్కువసార్లు కేబుల్, పోర్టు, సెట్టింగ్, బోర్డు మీది బ్యాటరీ సెల్ ఇవే కారణం. అందుకే ఎవరు వచ్చి ఈ మాట చెప్పినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎవరికి కనబడటం లేదు? కరెంటుకా, మదర్‌బోర్డుకా, విండోస్‌కా, లేక మై కంప్యూటర్ (ఇప్పటి విండోస్‌లో దిస్ పీసీ) విండోకా? ఈ నలుగురిలో ఎవరి దగ్గర దారి ఆగిపోయిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. షాపువాళ్లు నిన్ను ఆ ప్రశ్న అడగలేదు. నాకు బాధ కలిగించింది అదే.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. విండోస్ ఏదైనా బాక్స్ చూపించి ‘ఇనిషియలైజ్’ (డిస్క్‌ను కొత్తదానిలా సిద్ధం చేయడం) అనో ‘ఫార్మాట్’ అనో అడిగితే క్యాన్సిల్ నొక్కు. డేటా ఉన్న డిస్క్ మీద ఓకే నొక్కకూడదు. నేను ఈ పనికి కొత్తగా ఉన్న రోజుల్లో బైరాగిపట్టెడలో ఒక రిటైర్డ్ మాస్టారి సిస్టమ్‌లో ఇలాంటి బాక్స్ వస్తే, నొక్కితే డిస్క్ కనబడుతుంది కదా అని నొక్కేశాను. పార్టిషన్లు, అంటే డిస్క్‌లో చేసిన విభాగాలు, అన్నీ పోయాయి. మూడు రాత్రులు కూర్చుని చాలావరకు వెనక్కి తెచ్చాను కానీ, ఆయన సర్వీసు కాలంలో రాసుకున్న పాఠాల ఫోల్డర్ ఒకటి పూర్తిగా రాలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పటికీ ఆ బాక్స్ చూస్తే నాకు ఆయన ముఖమే గుర్తుకొస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. సిస్టమ్ షట్‌డౌన్ చెయ్. వెనక ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) స్విచ్ ఆపు, ప్లగ్ తియ్. తర్వాత ముందున్న పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి అప్పుడు లోపలికి చేయి పెట్టు. కింద కార్పెట్ గానీ ప్లాస్టిక్ చాప గానీ లేకుండా చూసుకో.

ముందు హార్డ్ డిస్క్‌కు వచ్చే రెండు కేబుళ్లు చూడు. సన్నది డేటా కేబుల్, అందులో 7 కాంటాక్టులు ఉంటాయి. వెడల్పుగా ఉండి ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చేది పవర్ కేబుల్, అందులో 15. రెండింటి నోరూ ‘ఎల్’ ఆకారంలో ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు. కానీ సగం దాకా వెళ్లి ఆగిపోవడం చాలా మామూలు. ఎం.2 స్లాట్ సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు పక్కనో కిందనో ఉంటుంది, సాటా పోర్టులు బోర్డు అంచున ఉంటాయి. నువ్వు ఎం.2 స్క్రూ బిగిస్తూ మోచేయి ఆనించినా చాలు, లాక్ క్లిప్ లేని కేబుల్ ఒక మిల్లీమీటరు బయటికి వస్తుంది. చూడటానికి పెట్టినట్టే ఉంటుంది, పని మాత్రం చేయదు. రెండు కేబుళ్లనూ డిస్క్ వైపు, బోర్డు వైపు పూర్తిగా పీకి మళ్లీ గట్టిగా పెట్టు. పైపైన నొక్కితే సరిపోదు, పీకి పెట్టాలి. లోపల ఉండే సాటా కనెక్టర్లు 50 సార్లు పెట్టి తీయడానికి సరిపడేలా తయారవుతాయి. అందుకే పదేపదే కదిలించిన పాత కేబుల్‌ను నేను నమ్మను.

ఇప్పుడు పక్క డోరు పెట్టకుండానే ప్లగ్ పెట్టి ఆన్ చెయ్. హార్డ్ డిస్క్ మీద రెండు వేళ్లు ఆనించి ఉంచు. కింద సర్క్యూట్ ఉన్న వైపు తాకకు, పైన లేబుల్ వైపు చాలు. మొదటి కొన్ని సెకన్లలో సన్నగా ఒక వణుకు మొదలై నిలకడగా సాగాలి. చెవి దగ్గరగా పెడితే పల్లెల్లో దూరంగా తిరిగే పిండిమిల్లులా మెత్తని చప్పుడు వస్తుంది.

వణుకు ఉండి చప్పుడు నిలకడగా ఉంటే డిస్క్‌కు కరెంటు అందుతోంది, మోటారు తిరుగుతోంది. చాలా మంచి కబురు. అసలు ఏ కదలికా లేకపోతే పవర్ వైపు చూడాలి. అదే ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే ఇంకో సాటా పవర్ కనెక్టర్ ఖాళీగా ఉంటే దాన్ని పెట్టి చూడు. లేకపోతే సిస్టమ్ ఆపి, ఎస్ఎస్‌డీకి ఉన్న కనెక్టర్ తీసి హార్డ్ డిస్క్‌కు పెట్టి చూడు. ఆ కాసేపు విండోస్ రాకపోయినా పరవాలేదు, మనకు కావాల్సింది వణుకు మాత్రమే.

టక్, టక్, టక్ అని ఒకే తాళంలో కొట్టుకుంటే? దాన్ని వినగానే అందరూ డిస్క్ పోయిందని తేల్చేస్తారు. చాలాసార్లు అది నిజమే, లోపల డేటా చదివే హెడ్ చదవలేక వెనక్కి వెళ్లి మళ్లీ వస్తూ ఉంటుంది. కానీ ఎస్ఎంపీఎస్ బలహీనపడినా ఇదే చప్పుడు వస్తుంది. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ తిరగడం మొదలయ్యే ఆ కొన్ని సెకన్లలో 12 వోల్టుల లైన్ నుంచి సుమారు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఏడెనిమిదేళ్ల నాటి చవక ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఉబ్బిపోయి ఉంటే ఆ లాగుడు తట్టుకోలేదు, డిస్క్ లేచి పడుతుంది, లేచి పడుతుంది. కొర్లగుంటలో ఒక టైలర్ కొడుకు సిస్టమ్ ఇలాగే వచ్చింది. ఎస్ఎంపీఎస్ మార్చగానే డిస్క్ మెత్తగా తిరిగింది, నేను చూసినంతవరకు ఆ తర్వాత రెండేళ్లు పనిచేసింది. అందుకని టక్‌టక్ వినిపిస్తే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మంచి ఎస్ఎంపీఎస్‌తో పెట్టి చూడు. అప్పటికీ అదే చప్పుడు వస్తే వెంటనే ఆపెయ్. హెడ్ డేటా ఉండే పళ్లేన్ని గీకుతూ ఉంటే నువ్వు ఆన్ చేసిన ప్రతిసారీ కొంత డేటా శాశ్వతంగా పోతుంది. ఫ్రీజర్‌లో పెట్టడం, చేత్తో తట్టడం, మూత తీసి చూడటం లాంటివి ఎవరు చెప్పినా వినకు. ఫ్రీజర్ నుంచి తీసిన డిస్క్ లోపల తేమ పడుతుంది, ఆ స్థితిలో తిప్పితే మిగిలింది కూడా పోతుంది.

ఎస్ఎంపీఎస్ మాట వచ్చింది కాబట్టి ఒక ప్రమాదం చెప్పాలి. కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లు ఉంటాయి. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ దానికి నోరు సరిపోయినా, లోపల పిన్నుల వరస ఒకేలా ఉండదు. కొన్నిసార్లు ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే వరస మారుతుంది. 5 వోల్టులు రావాల్సిన చోటికి 12 వోల్టులు వస్తే డిస్క్ బోర్డు క్షణంలో కాలిపోతుంది. ఎస్ఎంపీఎస్ మారిస్తే దానితో వచ్చిన కేబుళ్లే వాడు. పాతవి అలాగే ఉంచి బాక్స్ మాత్రం మార్చే పని చేయొద్దు.

సరే, డిస్క్ తిరుగుతోంది అనుకుందాం. ఇప్పుడు రెండో మనిషిని, మదర్‌బోర్డును అడుగుదాం. సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కుతూ ఉంటే బయోస్, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర, వస్తుంది. అందులో స్టోరేజ్ లేదా సాటా కాన్ఫిగరేషన్ అనే చోట పోర్టుల జాబితా ఉంటుంది, ప్రతి పోర్టు పక్కన డ్రైవ్ పేరు గానీ ఎంప్టీ అని గానీ ఉంటుంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లను (ఎం.2లో వేగంగా పనిచేసే రకం) చాలా బోర్డులు అక్కడ చూపించవు, వేరే మెనూ ఉంటుంది. రెండూ చూడు. ఇక్కడ కనబడని డ్రైవ్ విండోస్‌లో ఎంత వెతికినా కనబడదు. విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకు, బయోస్‌లో లేనిదాన్ని విండోస్ పుట్టించలేదు.

నీ విషయంలో నాకు బలమైన అనుమానం ఇక్కడే ఉంది. సాటా పోర్టులు, ఎం.2 స్లాట్ అన్నీ చిప్‌సెట్ (బోర్డు మీద డేటా దారులు పంచే చిప్) నుంచి వచ్చే పరిమితమైన దారులను పంచుకుంటాయి. మధ్యతరగతి ధర బోర్డుల్లో ఆ దారులు అన్నిటికీ చాలవు. అందుకని ఎం.2లో డ్రైవ్ పెట్టగానే బోర్డు ఏదో ఒకటో రెండో సాటా పోర్టులను తనంతట తానే ఆపేస్తుంది. కొన్ని బోర్డుల్లో ఐదో, ఆరో నంబరు పోర్టులు ఆగిపోతాయి, కొన్నిట్లో ఒకటో పోర్టు. కొన్ని బోర్డుల్లో సాటా రకం ఎం.2 పెడితేనే పోర్టు ఆగుతుంది, ఎన్‌వీఎంఈ పెడితే ఆగదు. మన వైపు ఒకే బస్సు రూటు ఉన్న ఊళ్లాంటిది ఇది, కొత్త ఊరికి బస్సు వేస్తే పాత ఊరి ట్రిప్పు తగ్గిస్తారు. డిస్క్ తప్పూ లేదు, కేబుల్ తప్పూ లేదు. ఈ సంగతి బోర్డు మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. బోర్డు మీద అచ్చువేసి ఉన్న మోడల్ నంబరు చూసి కంపెనీ సైట్‌లో మాన్యువల్ తెరిచి ఎం.2 పేజీ చదువు.

మాన్యువల్ దొరక్కపోతే తేల్చుకోవడానికి తేలిక దారి ఉంది. సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, ఎం.2 ఎస్ఎస్‌డీ తీసేసి మళ్లీ ఆన్ చేసి బయోస్ చూడు. హార్డ్ డిస్క్ తిరిగి వచ్చిందా? అయితే అనుమానమే లేదు. హార్డ్ డిస్క్ డేటా కేబుల్‌ను బోర్డు వైపు ఇంకో పోర్టుకు మార్చి, ఎం.2 మళ్లీ పెట్టు. రెండూ కనబడతాయి. ఎం.2 తీసినా హార్డ్ డిస్క్ రాకపోతే, పనిచేస్తున్న ఎస్ఎస్‌డీ డేటా కేబుల్‌ను బోర్డు వైపు అలాగే ఉంచి, ఎస్ఎస్‌డీ వైపు పీకి హార్డ్ డిస్క్‌కు పెట్టు. అంటే మంచిదని తేలిన కేబుల్, మంచిదని తేలిన పోర్టు. అప్పటికీ బయోస్‌లో లేకపోతేనే డిస్క్ మీద అనుమానం పెట్టుకోవాలి. వరసగా ఒక్కొక్కటే మార్చు. రెండు మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో నీకే తెలియదు, వచ్చే నెల మళ్లీ ఇదే కథ మొదలవుతుంది.

బయోస్‌లో ఉండగా ఒక సెట్టింగ్ గురించి జాగ్రత్త. సాటా మోడ్ అని ఉంటుంది, డ్రైవ్‌లతో బోర్డు మాట్లాడే పద్ధతి అది, ఏహెచ్‌సీఐ, రైడ్ లాంటి ఎంపికలు ఉంటాయి. ఏది ఉందో కాగితం మీద రాసుకో, మార్చకు. విండోస్ ఒక మోడ్‌లో వేసి ఇంకో మోడ్‌లోకి మారిస్తే నీలి తెర వస్తుంది, అప్పుడు బాగున్న ఎస్ఎస్‌డీ కూడా పోయినట్టు అనిపిస్తుంది. నీకు అప్పుడప్పుడు గడియారం టైమ్, తేదీ తప్పుగా వస్తున్నాయా? అది ముఖ్యమైన ఆనవాలు. బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 సెల్, 3 వోల్టులది, అయిపోయింది అని అర్థం. సెల్ అయిపోతే బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీలో ఉన్నట్టుగా మారిపోతాయి, సాటా మోడ్ కూడా వాటితోపాటే. మన వైపు చాలా ఇళ్లల్లో రాత్రి పడుకునే ముందు గోడ మీద స్విచ్ ఆపేస్తారు. కరెంటు ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే సన్నని ధార గడియారాన్ని నడిపి సెల్‌ను కాపాడుతుంది, గోడ స్విచ్ ఆపితే భారం అంతా సెల్ మీదే పడుతుంది. ఏడెనిమిదేళ్లలో నువ్వు ఒక్కసారి కూడా మార్చలేదంటే ఇప్పుడే మార్చెయ్. పెద్ద ఖర్చు కాదు.

కొత్త ఎం.2 బయోస్‌లోనే కనబడకపోతే రెండు విషయాలు చూడాలి. మొదటిది, అది పూర్తిగా లోపలికి వెళ్లిందా. స్లాట్‌లోకి కాస్త ఏటవాలుగా నెట్టి, బంగారు గీతలు దాదాపు కనబడకుండా పోయాక కిందికి వంచి స్క్రూ వేయాలి. చాలామంది నెట్టకుండానే కిందికి వంచి స్క్రూ వేసేస్తారు. రెండోది, అది ఏ రకం. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. అందులో సాటా రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. సాధారణంగా బంగారు గీతల దగ్గర ఒక్క గాడి ఉంటే ఎన్‌వీఎంఈ, రెండు గాడులు ఉంటే సాటా. కొన్ని స్లాట్లు ఒక్క రకాన్నే ఒప్పుకుంటాయి. స్లాట్‌లో సరిగ్గా కూర్చున్నా, రకం కలవకపోతే బోర్డు దాన్ని పలకరించదు. అలాంటప్పుడు డ్రైవ్ బాగానే ఉన్నట్టు, షాపులో మార్చుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు మూడో మనిషి, విండోస్. బయోస్‌లో రెండూ కనబడుతున్నాయి, మై కంప్యూటర్‌లో లేవు అనుకుందాం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. కొత్త ఎం.2 ఖాళీది కాబట్టి తెరవగానే ఇనిషియలైజ్ చేయమని బాక్స్ రావచ్చు. పైన చెప్పాను కదా, ముందు క్యాన్సిల్. తర్వాత కింద వరసలో ఏ డిస్క్ ఏదో సైజును బట్టి గుర్తుపట్టు. కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కవేస్తారు, విండోస్ 1024తో లెక్కవేస్తుంది, అందుకే అంకెలు తక్కువగా కనబడతాయి. నీ 240 జీబీ ఎస్ఎస్‌డీ సుమారు 223, కొత్త 500 జీబీ సుమారు 465, 1 టీబీ హార్డ్ డిస్క్ సుమారు 931 జీబీగా ఉంటాయి. 465 అని ఉన్నదే కొత్తది అని రెండుసార్లు చూసుకున్నాక, ఆ ఒక్క డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ఇనిషియలైజ్, జీపీటీ ఎంచుకో. తర్వాత పైన నల్ల గీత ఉన్న ఖాళీ భాగం మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ అంటే డ్రైవ్ అక్షరం (డీ, ఈ లాంటిది) వచ్చి మై కంప్యూటర్‌లో కనబడుతుంది. కొత్త డ్రైవ్ కొనగానే మై కంప్యూటర్‌లో కనబడకపోవడం లోపం కాదు, ఖాళీ డిస్క్‌కు విండోస్ అక్షరం ఇవ్వదు.

నాకు ఇంకా తృప్తిగా అనిపించే పద్ధతి మరొకటుంది. కొత్త డ్రైవ్‌ను ఇనిషియలైజ్ చేసేటప్పుడు హార్డ్ డిస్క్ డేటా కేబుల్ పీకేసి ఉంచు. అక్కడ లేని డిస్క్‌ను పొరపాటున చెరపడం ఎవరికీ సాధ్యం కాదు. రెండు నిమిషాల పని ఎక్కువ, అంతే. నేను కస్టమర్ల డేటా డిస్క్ ఉన్న ప్రతిసారీ ఇలాగే చేస్తాను.

931 అని ఉన్న పాత డిస్క్ వరస ఎలా ఉందో చూడు. నీలి గీతతో హెల్దీ అని ఉండి అక్షరం మాత్రమే లేకపోతే, చేంజ్ డ్రైవ్ లెటర్ అనే చోట ఒక అక్షరం ఇస్తే చాలు. ఆఫ్‌లైన్ అని ఉంటే ఎడమవైపు డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ చెయ్. ఈ రెండిట్లోనూ డేటాకు ఏ భయమూ లేదు.

రా (RAW) అని గానీ, అన్‌అలొకేటెడ్ అని గానీ, నాట్ ఇనిషియలైజ్డ్ అని గానీ ఉంటే మాత్రం అక్కడే ఆగు. లోపల ఫోటోలు అలాగే ఉండి, వాటి దారి చూపే పట్టిక దెబ్బతిని ఉండవచ్చు. పుస్తకంలో విషయసూచిక పేజీ చిరిగితే పాఠాలు పోవు కదా, అలాంటి పరిస్థితి. కానీ నువ్వు ఫార్మాట్ చేసినా, కొత్త వాల్యూమ్ చేసినా, చెక్‌డిస్క్ నడిపినా ఆ పాఠాల మీదే కొత్తగా రాసినట్టవుతుంది. చెక్‌డిస్క్ మంచిదే కదా అని చాలామంది అంటారు. బాగున్న డిస్క్‌లో చిన్న తప్పులు సరిచేయడానికి మంచిదే. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అది గంటలకొద్దీ చదువుతూ, రాస్తూ ఉంటుంది, ఆ శ్రమకే డిస్క్ పడిపోతుంది. ముందు డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌లోకి సెక్టారు సెక్టారుగా (సెక్టారు అంటే డేటా రాసే చిన్న గడి) కాపీ తీసి, ఆ కాపీ మీద టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత ప్రోగ్రాముతో పార్టిషన్లు వెతకాలి. కాపీకి లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనేది ఉంది, చదవలేని చోట్లను వదిలేసి ముందు బాగున్నవి లాగుతుంది. ఏది మూలం, ఏది గమ్యం అని తారుమారు చేస్తే అంతా పోతుంది కాబట్టి, అలవాటు లేకపోతే తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకో.

ఒకవేళ డిస్క్ ఒకసారి కనబడి, కాసేపటికి మాయమై, రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో దాని ఆరోగ్యం చూడు. చాలా వరసలు ఉంటాయి, నేను నాలుగే చూస్తాను. 05, సీ5, సీ6 అనే వరసల్లో రా (RAW) విలువ సున్నా కాకుండా, రోజురోజుకూ పెరుగుతుంటే పళ్లెం మీద చెడ్డ సెక్టార్లు పెరుగుతున్నాయని అర్థం. డేటా తీసేసి డిస్క్‌ను పక్కన పెట్టేయాలి. సీ7 మాత్రమే పెరుగుతుంటే డిస్క్ చాలావరకు బాగుంది, కేబుల్‌లో గానీ కనెక్టర్‌లో గానీ సంకేతం చెడిపోతోంది. కేబుల్ మార్చాక సీ7 అంకె తగ్గదు, అది మొత్తం లెక్క. పెరగకుండా ఆగితే చాలు. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒకాయన సీ7 చూసి రెండు డిస్కులు మార్చాడు, ఎర్ర కేబుల్ మాత్రం అదే. ఆ కేబుల్‌ను క్యాబినెట్ తలుపు రోజూ నొక్కుతూ ఉండింది.

మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో, గోడకు ఆనించిన డెస్క్‌టాప్ లోపల హార్డ్ డిస్క్ వేడి బాగా పెరుగుతుంది. డిస్క్ ముందున్న ఫ్యాన్ దుమ్ముతో నిండి ఆగిపోయి ఉంటే తుడువు. బల్లులు, చీమలు క్యాబినెట్‌లో చేరడం మాకు కొత్త కాదు. బోర్డు మీద బల్లి చచ్చి పోర్టు షార్ట్ అయినవి చూశాను. వెనక ఖాళీగా ఉన్న స్లాట్ల దగ్గర ఇనుప పట్టీలు లేకపోతే వేయించు. 2021 నవంబరులో తిరుపతిలో వానలకు ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు, తడిసిన సిస్టమ్‌లు ఆరబెట్టి ఆన్ చేసి డిస్కులు కాల్చుకున్నవాళ్లు చాలామంది నా దగ్గరికి వచ్చారు. మామూలు హార్డ్ డిస్క్‌కు గాలి ఆడటానికి ఒక సన్నని రంధ్రం ఉంటుంది, బురద నీరు అందులోంచి వెళుతుంది. నీళ్లలో మునిగిన డిస్క్‌ను ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రైయర్ పట్టొద్దు, అసలు కరెంటే ఇవ్వొద్దు. ఉన్నది ఉన్నట్టు ల్యాబ్‌కు ఇస్తే వచ్చే అవకాశం ఉంటుంది.

నీలాంటి ప్రశ్నతోనే వచ్చే ఇంకొందరి కోసం ఇది కూడా రాస్తున్నాను. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లు ఉన్న సిస్టమ్‌లలో విండోస్ కొత్తగా వేసేటప్పుడు డ్రైవ్‌ల జాబితా ఖాళీగా వస్తుంటే, బయోస్‌లో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ డ్రైవర్ అంటే జాబితా వస్తుంది. విండోస్ ఇప్పటికే ఉన్న సిస్టమ్‌లో మాత్రం వీఎండీ తీసేయొద్దు, బూట్ కాకుండా పోతుంది.

చివరిగా, అన్నీ చేశాక కూడా హార్డ్ డిస్క్ తిరగకపోతే, లేదా మంచి ఎస్ఎంపీఎస్ మీద కూడా టక్‌టక్ ఆగకపోతే, ఆ స్థితిలో మాలాంటివాళ్లం చేయగలిగింది ఏమీ లేదు. డేటా రికవరీ ల్యాబ్ కావాలి. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చాలామంది చెన్నై వెళతారు. పొద్దున్నే రైలెక్కితే అదే రోజు తిరిగి రావచ్చు. అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో బోర్డులు, విడిభాగాలు దొరుకుతాయి కానీ, హార్డ్ డిస్క్ మూత రోడ్డు పక్క టేబుల్ మీద తీసేవాళ్లకు నీ డిస్క్ ఇవ్వకు. దుమ్ము లేని గది ఉందా, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, ఏ ఫైళ్లు వస్తాయో డబ్బు కట్టే ముందే జాబితా చూపిస్తారా అని అడిగి, కాగితం మీద రాయించుకో. అదే మోడల్ డిస్క్ నుంచి సర్క్యూట్ బోర్డు తెచ్చి మార్చేస్తామనేవాళ్లు ఉంటారు. ఇప్పటి డిస్కుల్లో ప్రతి దానికీ దాని సొంత వివరాలు బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌ను కూడా మార్చకుండా బోర్డు మారిస్తే డిస్క్ పలకదు.

నీ డిస్క్ అంత దూరం వెళ్లదనే నా నమ్మకం. రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎం.2 తీసి బయోస్ చూడటం ఒక్కటి చెయ్. హార్డ్ డిస్క్ తిరిగి వస్తే, అప్పుడే ఎం.2 మళ్లీ పెట్టి సర్దుకోవాలని తొందరపడకు. ముందు అక్క పెళ్లి ఫోల్డర్, నాన్నగారి లెక్కల ఫోల్డర్ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. ఎవరిదైనా 1 టీబీ ఎక్స్‌టర్నల్ ఒక్క రోజుకు అడిగి తెచ్చుకున్నా సరే. ఆ కాపీని ఇంకో సిస్టమ్‌లో తెరిచి, ఫోటోలు, వీడియో నిజంగా వస్తున్నాయో చూసుకున్నాకే ఎం.2 పని మొదలుపెట్టు.

నాకు మూడు సంగతులు రాసి పంపు: మదర్‌బోర్డు మోడల్ నంబరు, హార్డ్ డిస్క్ ఇప్పుడు ఏ పోర్టులో ఉంది (పోర్టు పక్కనే బోర్డు మీద అంకె ఉంటుంది), ఎం.2కు ఒక గాడా రెండా. అవి తెలిస్తే ఏ పోర్టులోకి మార్చాలో మాన్యువల్ చూసి నేనే చెబుతాను. డిస్క్ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే ఇంకా మంచిది.